పక్క వీధికి ఇంటర్నెట్ మీదుగా

అమెరికా చరిత్ర చెప్పడానికి ఇప్పుడు చరిత్ర తెలియనక్కర్లేదు. పాస్‌వర్డ్ తెలిస్తే చాలు!

ఈ మాట అంటున్నది ఎవరో దారిన పోయే దానయ్య కాదు. ఒహాయో నది ఒడ్డున, మా వెస్టర్‌ఫర్డ్ హైస్కూల్లో, మూడు దశాబ్దాలుగా ఆ చరిత్రే చెబుతూ జుట్టు తెల్లబరుచుకున్న రస్సెల్ డన్‌లీవీని. అందులో మొదటి సగం అజ్ఞానంలోనే గడిచిపోయింది. అప్పట్లో పాఠం చెప్పాలంటే ముందు నేను చదవాలి. చదివింది గుర్తుంచుకోవాలి. గుర్తున్నది వెనక బెంచీ దాకా వినబడేలా గొంతు చించుకోవాలి. ఇదంతా ఒక్క మనిషి చేసే పనేనా?

ఇప్పుడా కష్టం లేదు. జిల్లా విద్యాశాఖ వాళ్లు మాకు ఇంటర్నెట్‌లో ఒక చరిత్ర పోర్టల్ ఇచ్చారు. అంతర్యుద్ధం కావాలా? నొక్కండి. యుద్ధం వీడియో, యుద్ధం మ్యాపు, యుద్ధం మీద క్విజ్, ఆ క్విజ్‌కి జవాబులు, అన్నీ వరసగా వస్తాయి. జవాబులు నాకంటే ముందే పిల్లలకు దొరుకుతాయనుకోండి, అది వేరే సంగతి. స్వాతంత్ర్య ప్రకటనను ఎంత పెద్దది చేసి కావాలంటే అంత పెద్దది చేసి చూడొచ్చు. సిరా మరకలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. చదివేవాళ్లే కనిపించరు.

మరి నేనేం చేస్తున్నానంటారా? మా ఆవిడా ఇదే అడిగింది. లాగిన్ అవుతున్నానని చెప్పాను. దానికి జీతం కూడా ఇస్తున్నారా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. విద్యారంగంలో వచ్చిన ప్రగతి ఆవిడకు అంత త్వరగా అర్థం కాదు.

ఇంతటి సుఖంలో ఉన్న నాకు నిరుడు వసంతంలో ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. ఆ ఇబ్బంది పేరు టెస్సా ప్రూయిట్. కిటికీ పక్కన కూర్చుంటుంది, ఎక్కువ మాట్లాడదు. పోర్టల్ దృష్టిలో వెనకబడిన విద్యార్థిని.

ఆ వారం పాఠం, దేశానికి రెండువందల ఏళ్లు నిండిన సంబరాలు. పోర్టల్ ఒక పాత ఫొటో చూపించి, దానిని విశ్లేషించమంది. పంతొమ్మిది వందల డెబ్భై ఆరు జూలై, ఏదో చిన్న ఊరి వీధి, జెండాలు, దూరంగా బ్యాండు మేళం. మధ్యలో ఎనిమిదేళ్ల కుర్రాడు. కాగితపు గుజ్జుతో చేసిన పెద్ద గంటలో వాణ్ణి దించి ఉంచారు. పైన ముఖం, కింద బూట్లు తప్ప మిగతా అంతా గంటే. దేశ స్వాతంత్ర్యానికి గుర్తుగా చూసుకునే స్వాతంత్ర్యపు గంటన్నమాట. వాడు నోరు బార్లా తెరిచి ఏడుస్తున్నాడు. పక్కన ఒకావిడ మోకాళ్ల మీద కూర్చుని, తల వంచుకుని, గంట వీపు మీద చెయ్యి వేసి ఉంది. ఫొటో కింద ఇలా రాశారు: కొడుకు వేషం సరిదిద్దుతున్న తల్లి. ఆమె గర్వం దేశపు గర్వానికి ప్రతీక.

ఆ గంటను నేనే.

క్లాసుకు ఈ సంగతి చెప్పాను. మొదట ఎవరూ నమ్మలేదు. తర్వాత ఫొటోలోని చెవులను పెద్దవి చేసి, నా చెవులతో పోల్చి చూసి నమ్మారు. నమ్మి, మళ్లీ క్విజ్‌లో మునిగిపోయారు. పిల్లవాడి కన్నీళ్లు దేనికి సంకేతం? వియత్నాం ఓటమికా, పెట్రోలు ధరలకా, ప్రభుత్వం మీద పోయిన నమ్మకానికా?

ఒంటేలుకి, అని చెప్పాను. ఆ గంటకు బెల్టులు వీపు వైపున్నాయి. చేతులు లోపలున్నాయి. అవసరం చాలా తొందరగా ఉంది.

ముందు బెంచీలో బ్రాడీ అని ఒకడుంటాడు. తెలివైనవాడు. వాడు తెర మీంచి తల ఎత్తకుండానే, "సార్, అది ఆప్షన్లలో లేదు" అన్నాడు.

నిజమే, లేదు. పట్టుదలకు పోయి నేనూ క్విజ్ రాశాను. నా కన్నీళ్ల ప్రశ్న తప్పయింది. ఆవిడ మోకాలి దగ్గర నేల మీద నల్లగా పలకలాంటిదేదో ఉంది. అది చేతిసంచి అనీ, స్త్రీల ఆర్థిక స్వేచ్ఛకు గుర్తు అనీ పోర్టల్ అంది. అదీ తప్పే రాశాను. బ్రాడీకి నూటికి నూరు వచ్చాయి. నా ఏడుపు గురించి నాకంటే బ్రాడీకే ఎక్కువ తెలుసని కంప్యూటర్ ధ్రువీకరించింది. గురువును మించిన శిష్యుడంటే ఇదే కదా!

ఆఖరి ప్రశ్నకు ఆప్షన్లు లేవు, ఖాళీ పెట్టె ఉంది. ఈ ఫొటోలోని స్త్రీని ఒక ప్రశ్న అడిగే అవకాశం వస్తే ఏమడుగుతారు? దేశం మొత్తం మీద వేలమంది పిల్లలు అప్పటికే ఆ పెట్టెలో ప్రశ్నలు నింపేశారు. మా వాళ్లూ నింపుతున్నారు. నేను వరసల మధ్య తిరుగుతూ, లోతైన ప్రశ్న, చక్కటి ప్రశ్న అని మెచ్చుకుంటున్నాను. టెస్సా పెట్టె మాత్రం ఖాళీగా ఉంది. ఏమైనా టైప్ చెయ్యమన్నాను.

"ఆవిడ మీ అమ్మగారా సార్?"

"కాదమ్మా. మా అమ్మ ఊరేగింపులో చర్చి వాళ్లతో కలిసి ముందుకెళ్లిపోయింది. ఈవిడ మిసెస్ కొవాలిక్. అప్పట్లో మా పక్కింటావిడ."

"పోయారా?"

"లేదు, బానే ఉన్నారు. హికరీ వీధిలో."

"మన హికరీ వీధా?"

"మనదే. బేకరీ వెనకాల."

ఆ పిల్ల ఖాళీ పెట్టెను చూసింది. తర్వాత నన్ను చూసింది. "అయితే ఇందులో టైప్ చెయ్యడం దేనికి సార్?"

ఇంతటి అనుచితమైన ప్రశ్న నా సర్వీసులో ఎవరూ అడగలేదు. ఉపాధ్యాయుల సూచనల పేజీలో దీనికి జవాబు ఉందేమోనని వెతికాను. లేదు.

పిల్లల్ని హికరీ వీధికి తీసుకెళతానంటే ప్రిన్సిపాల్ గ్రోవ్ కంగారుపడ్డాడు. తల్లిదండ్రుల అనుమతి కావాలట, బీమా కావాలట, వెంట మరో పెద్ద మనిషి ఉండాలట. మా పిల్లలు కుర్చీలో కూర్చునే గెటిస్‌బర్గ్ యుద్ధానికి వెళ్లొచ్చారు, చంద్రుడి మీద దిగొచ్చారు. ఫిరంగుల మధ్యకు పంపినప్పుడు ఎవరూ ఒక సంతకమైనా అడగలేదు. బేకరీ వెనక్కి వెళ్లాలంటే మాత్రం ప్రమాదం! చివరికి, సెలవు రోజున ఎవరంతట వాళ్లు నడిచి వెళితే తనకు తెలియదని గ్రోవ్ పెద్ద మనసుతో అన్నాడు. టెస్సా వచ్చింది, బ్రాడీ వచ్చాడు. బ్రాడీ అదనపు మార్కులుంటాయనుకుని వచ్చాడు.

మిసెస్ కొవాలిక్‌కి తొంభై దాటాయి. తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, బరువు పెరిగావు రస్సెల్ అంది. కూర్చోబెట్టి అక్రోటు రోల్ అనే తీపి రొట్టె కోసి తలా ఒక ముక్క పెట్టింది. తిన్నాక మరో ముక్క పెట్టింది. బ్రాడీ టాబ్లెట్‌లో ఫొటో చూపించాడు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆ ఫొటో ఎవరో తీశారని ఆవిడకు అంతవరకూ తెలియదు.

టెస్సా అడిగింది ఒక్కటే. "ఆ రోజు ఏం జరిగిందండీ?"

ఆవిడ చెప్పింది. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు ఎమిల్ అంతకు కొన్నేళ్ల ముందే వియత్నాంలో పోయాడు. ఊరేగింపులో మాజీ సైనికుల వెనక కొడుకు ఫొటో పట్టుకుని నడుద్దామని ఆవిడ వచ్చింది. ఊరేగింపు కమిటీ పెద్దమనిషి ఒకాయన పక్కకు పిలిచి, మర్యాదగానే చెప్పాడట. ఇవాళ పండగ కదా ఇరీన్, చూసేవాళ్ల మనసు పాడవుతుంది, ఇంకో రోజు చూద్దాం అని. ఆవిడ ఫొటో పట్టుకుని ఇంటికి మళ్లింది. దారికి అడ్డంగా కాగితపు గంటొకటి నిలబడి ఏడుస్తోంది.

"గర్వమా?" ఫొటో కింది మాటలు బ్రాడీ చదివి వినిపించగానే ఆవిడ అంది. "ఒళ్లు మండిపోతోంది నాకప్పుడు. వీడు ఏడవకుండా ఉంటే నేనే ఏడ్చేదాన్ని. ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటే ఆ బెల్టులు ఎవరు విప్పుతారు?"

నేల మీది ఆ నల్లటి పలక చేతిసంచి కాదు. నా బెల్టులు విప్పడానికి రెండు చేతులూ కావాలి కాబట్టి, ఆవిడ బోర్లా పెట్టిన ఎమిల్ ఫొటో.

వియత్నాం యుద్ధం మీద నా దగ్గర అరవై స్లైడ్లున్నాయి. వాటిలో రెండింటికి సంగీతం కూడా ఉంది. పోయిన మా ఊరి కుర్రాళ్ల పేర్లు కోర్టు ముందు రాతి మీద చెక్కారు. ఏటా పిల్లలకు ఆ రాయిని తెర మీద చూపించి, కొవాలిక్ అన్న పేరు చదివి, తర్వాతి స్లైడుకు వెళ్లేవాణ్ణి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి కథ మీరు వినే ఉంటారు. ఆవిడ కనీసం వెతికింది.

బ్రాడీ టాబ్లెట్ పక్కన పెట్టేశాడు. "ఎమిల్ ఎలా ఉండేవాడండీ?"

దేశం మొత్తం పెట్టెలో నింపిన వేల ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు. ఉండడానికి ఎమిల్ ఉన్నాడని తెలిస్తే కదా! ఆవిడ లోపలికి వెళ్లి ఆ ఫొటోనే తెచ్చి టెస్సా చేతికిచ్చింది. మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉంది. వాడికి ఈత రాదట. వచ్చని ఊరంతా చెప్పుకునేవాడట. ఒకసారి స్నేహితులు నిజమనుకుని నదిలోకి తోస్తే, నీళ్లు నడుము లోతే ఉండబట్టి పరువు దక్కిందట. చెబుతూ ఆవిడ నవ్వింది. మేమూ నవ్వాం. టెస్సా నవ్వగా నేను చూడడం అదే మొదలు.

ఆ సోమవారమే పిల్లలు పోర్టల్‌కి రాశారు. ఫొటో కింది మాటలు తప్పు, సరిచెయ్యండి అని. మీ ఆసక్తికి అభినందనలు అని వెంటనే జవాబొచ్చింది. మార్పు చెయ్యాలంటే నమ్మదగిన ఆధారం కావాలట. ఫొటోలో ఉన్న మనిషి చెప్పిన మాట ఆ కోవలోకి రాదట. నమ్మదగిన ఆధారాన్ని ఎలా గుర్తించాలో నేర్పే వీడియో ఒకటి జత చేశారు. వీడియో బాగుంది. సంవత్సరాంతపు పరీక్షలో అదే ఫొటో వచ్చింది. బ్రాడీ గర్వించే తల్లి దగ్గరే టిక్కు పెట్టాడు. "నిజం తెలుసు సార్. కానీ కాలేజీ వాళ్లు చూసేది మార్కులే కదా." కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

గ్రోవ్ మాత్రం పొంగిపోయాడు. పొరుగువాళ్లను అడిగి చరిత్ర తెలుసుకోవడం ఎంత గొప్ప ఆలోచన, దీన్ని పాఠంగా రాసి పోర్టల్‌లో పెట్టమన్నాడు. తన కథ వాడుకోవడానికి మిసెస్ కొవాలిక్ సరేనంది. రాశాను. మొదటి మెట్టు: కంప్యూటర్ మూసెయ్యండి. రెండో మెట్టు: బూట్లు వేసుకోండి. మూడో మెట్టు: మీ వీధిలో ఒక తలుపు తట్టండి.

పోర్టల్ వాళ్లు నా పాఠాన్ని కాస్త చక్కదిద్దారు. కంప్యూటర్ మూస్తే పాఠం ఆగిపోతుంది కాబట్టి మొదటి మెట్టు తీసేశారు. బూట్ల బదులు బూట్ల బొమ్మ పెట్టారు. దాని మీద నొక్కితే అడుగుల చప్పుడవుతుంది. తలుపు బొమ్మ మీద నొక్కితే తలుపు తెరుచుకుని మిసెస్ కొవాలిక్ ఫొటో వస్తుంది. కింద ఖాళీ పెట్టె. మీ ప్రశ్న ఇక్కడ టైప్ చెయ్యండి.

పాఠం దేశమంతటా పాకింది. ఐదు నక్షత్రాలు! అయోవాలో ఒక ఉపాధ్యాయురాలు రాసింది: అద్భుతం, పిల్లలు కుర్చీలోంచి లేవకుండానే పొరుగువారిని కలిశారు. జిల్లా వాళ్లు నన్ను ఉత్తమ డిజిటల్ ఉపాధ్యాయుడన్నారు. ప్రశంసాపత్రం ఇచ్చారు. దానికి మా ఆవిడ ఫ్రేము కట్టించలేదు. నేనే కట్టించుకున్నాను.

అది పట్టుకుని ఈ శరదృతువులో హికరీ వీధికి వెళ్లాను. ఎన్ని వేలమంది పిల్లలు మీ తలుపు తడుతున్నారో తెలుసా అని మిసెస్ కొవాలిక్‌కి చెప్పాను. ఆవిడ సంతోషించింది. కాఫీ పోసి, వీధి వైపు చూసింది.

"మరి ఎవరైనా వస్తారా వాళ్లలో?"

రానక్కర్లేదండీ, అదే ఇందులో సౌకర్యం, అన్నాను.

ఆవిడకు అర్థమైనట్టు లేదు. పెద్ద వయసు కదా! నేను బయల్దేరుతుంటే తలుపు మూసెయ్యొద్దంది. టెస్సా వచ్చే వేళయిందట. వేసవి నుంచీ ఆ పిల్ల శనివారమల్లా వస్తోందట. ఇద్దరూ కలిసి వీధిలో పాతకాపులందరి ఇళ్లకూ వెళ్లి కూర్చుంటున్నారట. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. పోర్టల్‌లోనూ లేదు.

నిరుడు చరిత్రలో టెస్సాకు వచ్చింది సి గ్రేడు. పెట్టెలు చాలా ఖాళీగా వదిలేసింది. ఆ గ్రేడు లెక్కగట్టింది పోర్టల్. సంతకం మాత్రం నాదే.