నాలుగు కాళ్ళూ కట్టేసిన కేసు

"అబ్బాస్ భాయ్, రాసిపెట్టుకో. ఈ గిద్దలూరులో నేరం చేసి నా కంటినుంచి తప్పించుకున్నోడు ఒక్కడు లేడు. ఉంటే నాకు తెలిసేది."

మాల్యాద్రి ఈ ప్రకటన చేసినప్పుడు నేను ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు తీస్తున్నాను. ఆయన దోర్నాల అటవీ చెక్‌పోస్టులో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. ఆ ముప్పై ఏళ్ళలో ఒకే ఒక్క తేనె డబ్బా పట్టుకున్నాడు. అది రేంజరు గారి అత్తగారిదని తర్వాత తేలింది. రిటైరైన మర్నాడే భూతద్దం కొని, నా దుకాణంలోనే కార్డులు అచ్చు వేయించాడు: "మాల్యాద్రి, అపరాధ పరిశోధకుడు, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు వరకు."

అప్పటికి రాష్ట్రం విడిపోయి ఏడాది. "కొత్త రాష్ట్రం, కొత్త నేరాలు" అనేవాడు. నేరాలు మాత్రం ఆయన దాకా రావడం లేదు.

ఆ రోజు వచ్చింది. దుకాణం వెనక గదిలో నా కూతురు షహనాజ్ ఫోనులో స్నేహితురాలితో మాట్లాడుతోంది. కర్టెన్ దాటి మాటలు వినిపిస్తున్నాయి.

"నాలుగు కాళ్ళూ గట్టిగా కట్టేసినానే. కదలకుండా, తిరగకుండా. పైన అయిదు టన్నులు పెట్టినా. నాలుగు మిల్లీమీటర్లే వంగింది. అంకన్న మామ షెడ్డుకాడ మాత్రం అట్ల లేదు. సరే, బరువు ఇంకొంచెం పెంచి చూస్తా."

మాల్యాద్రి చేతిలో టీ గ్లాసు గాలిలోనే ఆగిపోయింది.

"ఇంకా ప్రాణం ఉంది" అన్నాడు గుసగుసగా.

"దేనికన్నా?"

"ఆ నాలుగు కాళ్ళ జీవికి."

"జీవి కాదన్నా. నీళ్ళ ట్యాంకు స్టాండు."

"అది వాళ్ళు పెట్టుకున్న మారుపేరు" అని ఆయన లేచాడు.

నిజం ఏమిటంటే, షహనాజ్ సివిల్ ఇంజినీరు. కొమరోలు రోడ్డులో అంకన్న గొర్రెల షెడ్డుకు ఇరవై అడుగుల ఇనుప స్టాండు గీసి ఇచ్చింది. ఆమెకు అదే మొదటి పని. స్టాండు లేచింది, పైన ట్యాంకు ఎక్కింది, నీళ్ళు నిండేసరికి నాలుగు వేళ్ళ వెడల్పున ఊగడం మొదలుపెట్టింది. కంప్యూటర్లో చూస్తే నాలుగు మిల్లీమీటర్లే. మూడు రోజులుగా ఆ పిల్ల సరిగ్గా అన్నం తినడం లేదు.

"నేల ఉందని కంప్యూటర్‌కి తెలియదబ్బా" అని నాకు చెప్పింది. "ఏ కాలు ఎక్కడ అంటుకొని ఉందో, ఎటు కదలకూడదో మనమే చెప్పాల. దాన్నే బౌండరీ కండిషన్ అంటారు. చెప్పకపోతే స్టాండు తేలుకుంటా ఎటో పోతది. నేను అన్నీ చెప్పినా. తప్పు ఎక్కడుందో కనపడట్లేదు."

మాల్యాద్రి నన్ను నా బండి మీదే అంకన్న షెడ్డుకు తీసుకుపోయాడు. మే నెల ఎండలో తలమీదుగా గొంగడి కప్పుకున్నాడు. మారువేషమట.

"ఏందన్నా, ఎండలో గొంగడి?" అన్నాడు అంకన్న.

"నేను మాల్యాద్రిని కాదు."

"సరేగానీ, మజ్జిగ తాగుతావా మాల్యాద్రన్నా?"

"తాగుతా."

మజ్జిగ ఇచ్చి అంకన్న నావైపు తిరిగాడు. "భాయ్, నీ కూతురు గీసిన బొమ్మ ప్రకారమే పోలయ్య వెల్డింగ్ చేసినాడు. చూడు ఎట్ల ఊగుతాందో. జీవాలు నీళ్ళు తాగే తొట్టి దాని కిందనే ఉంది. మీద పడిందంటే ఏం గాను? ఇంక ఆ పాపను ఎవురూ పనికి పిలవొద్దని నేనే చెప్తా."

తలెత్తి చూశాను. ఊగుతున్నది నిజం.

మాల్యాద్రి మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో గొర్రెల కాళ్ళు పరిశీలిస్తున్నాడు, తాడు గుర్తుల కోసం. "అబ్బాస్ భాయ్, ఇక్కడ ఎనిమిది వందల కాళ్ళున్నాయి. కేసు పెద్దది" అన్నాడు. అలా పాకుతూ పాకుతూ స్టాండు దగ్గరికి చేరాడు.

గొంగడి కప్పుకుని నాలుగు కాళ్ళ మీద నడిచే ఆ ఆకారాన్ని మందలోని పొట్టేలు కాసేపు చూసింది. కొత్తగా వచ్చిన పొట్టేలనుకున్నట్టుంది. నాలుగు అడుగులు వెనక్కి వేసింది.

"అన్నా, లెయ్!" అని అరిచాను.

"పరిశోధనలో ఉన్నప్పుడు పిలవొద్దు" అని ఆయన పూర్తిచేసేలోపే పొట్టేలు వెనకనుంచి పొడిచింది. మాల్యాద్రి ఎగిరి, చెక్‌పోస్టు నాటి బూట్లతో సహా స్టాండు నాలుగో కాలి మొదట్లో పడ్డాడు. అక్కడ పూసిన సిమెంటు పెచ్చులా ఊడి వచ్చింది.

లోపల బోల్టుంది, నట్టు లేదు. కాలి కింది ఇనుప ప్లేటు కాంక్రీటు దిమ్మెకు ఆననే లేదు. అంకన్న వంగి మధ్యలో వేలు పెట్టాడు. వేలు దూరింది.

కింద నుంచి మాల్యాద్రి అన్నాడు: "వెనకనుంచి కొట్టినోడి ముఖం చూడలేదు. అయినా పాత పగే."

నేను షహనాజ్‌కి ఫోన్ చేశాను. "ఒక కాలు నేలకు ఆనలేదు తల్లీ."

అటువైపు కీబోర్డు చప్పుడు.

"మూడే కట్టి నాలుగోది వదిలేసినా అబ్బా. డెబ్బై ఎనిమిది మిల్లీమీటర్లు వంగింది." నేను నాలుగు వేళ్ళు కలిపి చూసుకున్నాను. "ముందు ట్యాంకు ఖాళీ చేయించు. గొర్రెలను దూరంగా తోలమను." కొంచెం ఆగి అంది: "కాగితం మీద బిగించి ఉన్నాయి కదా, అక్కడా అట్లనే ఉంటాయనుకున్నా. పోయి చూడాల్సింది."

సాయంత్రానికి వెల్డర్ పోలయ్య వచ్చి తల వంచుకుని చెప్పాడు. "ఆ దిమ్మె పల్లంగా పోసినారు. బోల్టు అందలే. సిమెంటు పూస్తే ఏం కాదులే అనుకున్నా."

ప్లేటు కింద సందు పూడ్చి, పొడుగు బోల్టులు వేసి బిగించారు. వారం తర్వాత ట్యాంకు నిండుతుంటే షహనాజ్ ఆ కాలి మీద చేయి వేసుకుని నిలబడింది. పైప్ నుంచి నీళ్ళు పొర్లేదాకా చేయి తీయలేదు. స్టాండు కదల్లేదు.

"పాపా, మేకల షెడ్డు కూడా నువ్వే గియ్యాల" అన్నాడు అంకన్న, ఎటో చూస్తూ.

"గీస్తా మామా. దిమ్మెలు పోసేనాడు నన్ను పిలవండి."

మాల్యాద్రి కేసు ముగిసిందని ప్రకటించాడు. ముద్దాయి ఎవరంటే, అది ఇప్పుడే బయటపెట్టకూడదన్నాడు. రోజూ మా దుకాణానికి వచ్చి నిలబడే టీ తాగుతున్నాడు. కుర్చీ వేస్తే వద్దంటాడు. పరిశోధకుడు కూర్చుంటే నేరం లేచి నిలబడుతుందట.