స్వచ్ఛందంగా వరుసలో నిలబడండి!

సిపాయి మనసు ఎవరి మీద పడుతుందో అడిగి లెక్క కట్టడం బ్రిటిష్ సైన్యం చేస్తున్న మహోపకారం. నవ్వకండి! తుపాకీ పట్టుకున్నవాడికి ఆడవాళ్లంటే ఇష్టమా, మగవాళ్లంటే ఇష్టమా, ఇద్దరూనా అన్నది తెలియకుండా ట్యాంకు అంగుళమైనా కదులుతుందా? తెలియకుండానే ఇన్ని యుద్ధాలు ఎలా చేశారో, తలుచుకుంటేనే ఒళ్లు గగుర్పొడుస్తోంది!

యార్క్‌షైర్‌లో ఒక బారక్స్ ఉంది. అక్కడ స్టోర్స్ చూసే సార్జెంట్ గ్లిన్ ప్రాసర్‌నే తీసుకోండి. బూట్లు, దుప్పట్లు, గుడారాలు ఇచ్చిపుచ్చుకునే మనిషి. సర్వీసంతా ఎదుటివాడి కాలి కొలత కనుక్కోవడంతోనే సరిపెట్టేశాడు పాపం. రాత్రి వాడు ఎవరి పక్కన పడుకుంటాడో తెలియకుండా వాడికి దుప్పటి ఎలా ఇచ్చేవాడో!

ఈ అజ్ఞానాన్ని వదిలించడానికే కంప్యూటర్లో ఒక గడి పెట్టారు. సైన్యంలో ఎన్నిరకాల మనుషులున్నారో తెలుసుకునే లెక్క అది. ఇష్టమైతే నింపొచ్చు. ‘చెప్పదలచుకోలేదు’ అని కూడా నొక్కొచ్చు. పూర్తిగా స్వచ్ఛందం, పరమ రహస్యం. ఎంత మర్యాదో చూడండి!

కానీ సైన్యమన్నాక పోటీ లేకుండా పని జరుగుతుందా? తాడు లాగడంలో పోటీ, బురదలో పాకడంలో పోటీ, ఆఖరికి టీ కాచడంలోనూ ఏ కంపెనీ ముందు అని పోటీయే. గడి నింపడం మాత్రం ఏం పాపం చేసింది? నూటికి నూరు శాతం నింపిన కంపెనీకి షీల్డు, దాంతోపాటు శుక్రవారం మధ్యాహ్నం నుంచే సెలవు అని ప్రకటించారు. ఎవరెంత శాతంలో ఉన్నారో క్యాంటీన్ గోడ మీద, ఆనాటి భోజనం వివరాల పక్కనే అంటించారు. కంచంలోకి ఏముందో చూసుకోవచ్చు, పడకల సంగతి ఎంతవరకు వచ్చిందో కూడా చూసుకోవచ్చు!

కంపెనీని నడిపే మేజర్ పెల్హామ్ ఒక ఉదయం వానలో అందరినీ వరుసలో నిలబెట్టాడు.

“ఇది పూర్తిగా మీ ఇష్టం. బలవంతం ఏమాత్రం లేదు. ఇంకా ఇష్టపడనివాళ్లు ఒక అడుగు ముందుకు రండి!”

ప్రాసర్ ముందుకు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. ఆజ్ఞ వినపడితే కాలు దానంతట అదే కదిలే అలవాటు మరి. ఇంతకన్నా భద్రమైన రహస్యం లోకంలో ఎక్కడైనా ఉందా? మొత్తం కంపెనీయే దానికి కాపలా!

టీ వరుసలో వంటశాల సార్జెంట్ డాకిన్స్ అందుకున్నాడు.

“ఏం గురూ, ఇంకా తేల్చుకోలేదా? నీ మూలాన నా శుక్రవారం పోయేట్టుంది. నేనైతే మా ఆవిణ్ణి అడిగి మరీ నింపేశా.”

“మీ ఆవిడకి నీ మీద ఇంకా అనుమానం తీరలేదేంట్రా?” అన్నాడు ప్రాసర్.

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా ప్రాసరే నవ్వాడు. నవ్వి తప్పించుకోవడంలో ఆయనది చాలా పాత అనుభవం.

ప్రాసర్ చేరిన రోజుల్లో మగవాణ్ణి ప్రేమించే మగవాడికి ఆ సైన్యంలో చోటు లేదు. రెండువేల సంవత్సరం వచ్చేదాకా అదే కట్టడి. అప్పుడు కూడా సైన్యానికి ఈ విషయంలో ఆసక్తి తక్కువేం కాదు సుమండీ! మిలిటరీ పోలీసులు పెట్టెలు తెరిచేవాళ్లు, ఉత్తరాలు చదివేవాళ్లు, గదిలో కూర్చోబెట్టి ఇదే ప్రశ్న అడిగేవాళ్లు. పక్కమంచం కుర్రాడు “అవును” అన్నాడు. ఉద్యోగం ఊడింది. ప్రాసర్ “కాదు సర్” అన్నాడు. ఉద్యోగం నిలిచింది.

అప్పటి నుంచీ ఆ నోరు మళ్లీ పెగల్లేదు. చట్టం మారినా పెగల్లేదు. బస్సు నడిపే లెన్‌తో ఏళ్ల తరబడి కాపురం. బారక్స్‌లో మాత్రం లెన్ అంటే “మా ఇంట్లో అద్దెకుండే ఆయన.” వచ్చే నెల ప్రాసర్ రిటైరవుతున్నాడు. సార్జెంట్ల మెస్‌లో వీడ్కోలు విందు. పోయేవాడి పక్కన వాడి ఇంటిమనిషికి కుర్చీ వేస్తారు. అద్దెకుండే ఆయనకు వెయ్యరు.

ఆ రాత్రి లెన్ గిన్నెలు కడుగుతూ అన్నాడు, “ఆ గడి సంగతి నాకెందుకు గానీ గ్లిన్, నీ ఆఖరి విందుకు కూడా నేను ఇంట్లో బీన్స్ డబ్బా తెరుచుకుని కూర్చోవాలా?”

మర్నాడు ప్రాసర్ బూట్లకు పాలిష్ పెట్టుకుని, ఆఫీసుకెళ్లి గుమాస్తా పని చేసే కార్పొరల్ హార్డీ ముందు నిలబడ్డాడు.

“ఆ గడి తెరువమ్మా. నింపుతాను.”

హార్డీ తెరిచింది. నింపేసి ఉంది! ఆడవాళ్లంటేనే ఇష్టమట!

“మీకు శ్రమెందుకని మేజర్ గారు నన్నే నొక్కెయ్యమన్నారు సార్జెంట్ గారూ. నిన్నటితో గడువు అయిపోయింది కదా!”

“మార్చు.”

“తాళం పడిపోయిందండీ. మళ్లీ మూడు నెలలకి గానీ తెరవరు.”

అంతలో మేజర్ షీల్డు చంకలో పెట్టుకుని వచ్చాడు. “చూశావా ప్రాసర్, నూటికి నూరు! నీ విందుకి మీ ఆవిణ్ణి తప్పకుండా తీసుకురావయ్యా!”

“ఆవిడ లేదు సర్. లెన్ వస్తాడు.”

“లెన్ ఎవరు?”

“మీరు వానలో నిలబెట్టి అడిగారే, ఆ ప్రశ్నకి జవాబు సర్.”

మేజర్ హార్డీ వైపు చూశాడు, షీల్డు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. “ఇప్పుడు చెబితే ఎలాగయ్యా? లెక్క పైకి పంపేశాం కదా!”

ప్రగతి అంటే ఇదీ! ఒకప్పుడు ఈ సైన్యంలో కొలువు నిలవాలంటే ప్రాసర్ అబద్ధం తనే ఆడుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆయనకు ఆ కష్టం కూడా లేకుండా ఆఫీసువాళ్లే ఆడిపెడుతున్నారు!