కునుకు కత్తిరింపు

మా బావమరిది రాఘవేంద్రప్రసాద్ పత్తికొండలో ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. హోమం జరుగుతుంటే ముందు వరుసలో కూర్చున్న నేను, అంటే ఆ ఇంటి ఏకైక అల్లుణ్ణి, నోరు తెరుచుకుని నిద్రపోయాను. పూర్ణాహుతికి అందరూ లేచారు, నేను లేవలేదు. చివరికి మా అత్త అనసూయమ్మ భుజం పట్టి కుదిపి లేపింది. ఇదంతా వీడియోలోకి ఎక్కింది.

మీరే చెప్పండి, అల్లుడన్నాక ఒక మర్యాద ఉండొద్దా?

వీడియో తీసింది మా ఆవిడ హిమబిందు. "సాయంత్రానికి గ్రూపులో పెట్టాల. అందరూ అడుగుతాండారు" అంది.

"అట్లే పెడితే శానా పెద్దదైతాది. నేను సాపు చేసిస్తాలే" అన్నాను. నా కునుకు కోసిపారేసి, పరువు దక్కించుకోవాలన్నది నా ఎత్తు.

బేతంచెర్లలో మాకు నాపరాళ్ల పాలిషింగు ఫ్యాక్టరీ ఉంది. ఊరికే వస్తుంది కదా అని అక్కడి ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు లినక్స్ వేయించాను. దాన్ని ఇంటికి తెచ్చుకుని కూర్చున్నాను. వీడియో కోసే సాఫ్ట్‌వేరూ ఊరికే దొరికింది. తీరా చూస్తే దానికి బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్లటి తెర తెరిచి ఇంగ్లీషులో హుకుం రాస్తేనే దిగుతుందట. ఇంటర్నెట్‌లో చూసి రాశాను. పాస్‌వర్డు అడిగింది. కొట్టాను. తెర మీద ఒక్క చుక్కయినా పడలేదు. మళ్లీ కొట్టాను. ఊహూఁ!

"కీబోర్డు సచ్చింది" అన్నాను.

"ఇప్పుడే గదా ఆ హుకుమంతా రాస్తిరి! అప్పుడు బతికే ఉండె గదా?"

"లోపల రాళ్లదుమ్ము చేరింటాది. నీకు తెలీదు."

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నేరుగా ఫ్యాక్టరీకి పోయి, మిషన్ల దుమ్ము దులిపే కంప్రెసరు గాలి దాని మీదికి వదిలాను. దుమ్ముతోపాటు మీటలూ లేచిపోయాయి. పాలిషింగు బురదలో చేతులు పెట్టి దేవులాడి, దొరికినవి జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. నాకు ఏడుపొక్కటే తక్కువ.

హిమబిందు మీటల్ని కడిగి, తుడిచి, ఒక్కొక్కటే బిగించింది. ఆ సాఫ్ట్‌వేరు పేజీ ఫోనులో తెరిచి మొత్తం చదివింది.

"పాస్‌వర్డు కొడితే కనపడదంట. కనపడకపోయినా కొట్టి ఎంటర్ నొక్కాలంట."

"కనపడకుండా రాసేదేందే, వాళ్ల మొహం!" అంటూనే నొక్కాను. నల్లతెర నిండా అక్షరాలు జలజలా పారాయి. సాఫ్ట్‌వేరు దిగింది.

"యాడ నుంచి యాడదాకా కోస్తాండారు?" అంది.

"అది నీకెందుకు? నువ్వు అట్ల తిరుగు."

తిరిగింది. నా కునుకు మొదలైన చోటు, అత్త లేపిన చోటు, రెండూ రాసి ఎంటర్ కొట్టాను. క్షణంలో పనైపోయింది. అంతలో బావమరిది ఫోను: "ఏం బావా, ఇంకా పంపలేదే?"

"ఒకసారి చూసి పంపండి" అంది హిమబిందు.

"చూసేదేముందిలే!" అని గ్రూపుకు పంపేశాను.

కాసేపటికి గ్రూపంతా పడీపడీ నవ్వే బొమ్మలే. తెరిచి చూస్తే గడప పూజ లేదు, పాలు పొంగించడం లేదు, ఇల్లూ లేదు. మొదటి నుంచీ చివరిదాకా నేనే, నోరు తెరుచుకుని! తుడిచేద్దామంటే అప్పటికే అందరూ చూసేశారు.

"ఏందే ఇది?"

"రాసిన రెండు చోట్ల నడుమది ఉంచుకుని, మిగిలింది పారేస్తాదంట. ఆ పేజీలోనే ఉండాది."

"మరి చెప్పొద్దా!"

"అడిగితి గదా, యాడ నుంచి యాడదాకా అని. మీరు చెప్పింటే నేనూ చెప్పేదాన్ని."

ఇంతలో మా అత్త ఫోను చేసింది. నవ్వాపుకోలేక ఆయాసపడుతోంది.

"శానా అలిసినట్టుండావు నాయనా! వచ్చే నెల సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. నువ్వు తప్పకుండా రావాల. ముందు వరసలో మంచం ఏపిస్తాలే."