సేఫ్టీకి రెండు పాయింట్లు

ఓడిపోవడం లోకంలో ఎవరికైనా చేతనవుతుంది. పద్ధతి ప్రకారం, ముందస్తు అనుమతి తీసుకుని, మూడు సంతకాలు పెట్టించి ఓడిపోవడం మాత్రం దమ్మామ్ డ్రిల్లర్స్ జట్టుకే చెల్లింది. పది ఆటల సీజన్‌లో తొమ్మిది వరసబెట్టి ఓడినా, వాళ్ల ఫైళ్లలో ఒక్క కాగితం తక్కువైన పాపాన పోలేదు.

వాళ్లు ఆడేది అమెరికన్ ఫుట్‌బాల్. పేరుకే కాలి ఆట, బంతి మాత్రం చేతిలో పట్టుకుని పరిగెత్తుతారు. పరిగెత్తేవాడి మీద అవతలివాళ్లు పడి కూలదోస్తారు. ఆట మొత్తం ఇంతే. (కూలదోసే సంగతి డ్రిల్లర్స్‌కు చివరిదాకా అధికారికంగా తెలియరాలేదు.) జట్టును పోషించేది సౌదీలో చమురు బావులు తవ్వే ఓ కంపెనీ. బావి తవ్వేవాడికి ఆటెందుకని అడక్కండి, ఆ ఏడాది బడ్జెట్‌లో ఆటకని ఒక గడి ఉంది, దాన్ని నింపాలి కాబట్టి నింపారు.

ప్రొద్దుటూరు అల్లాబకాష్ ఆ కంపెనీ యార్డులో సేఫ్టీ ఆఫీసరు. నిచ్చెనలకు తాళ్లు సరిగా కట్టారా, జనం హెల్మెట్లు పెట్టుకున్నారా అని చూడడం అతని పని. పొద్దున్నే గేటు దగ్గరి బోర్డు మీద అంకె మార్చడం కూడా అతని పనే. బోర్డు మీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఒకటే మాట: 'సమయ నష్టం లేని రోజులు'. ఎవరికీ దెబ్బ తగలకుండా, పని ఆగకుండా ఎన్నాళ్లు గడిచాయో ఆ లెక్క. అల్లాబకాష్ విమానం దిగిన రోజే ఆ బోర్డు పెట్టారు కాబట్టి, తాను వచ్చి ఎన్నాళ్లయిందో అతను విడిగా గుర్తుపెట్టుకునే అవసరం రాలేదు. అతను వచ్చిన నాలుగు నెలలకు కూతురు ముబష్షిరా పుట్టింది. ఇంతవరకూ దాన్ని ఫోన్లో తప్ప చూడలేదు.

సీజన్ మొదట్లో అమెరికా నుంచి దిగిన కోచ్ డెన్నిస్, ఆఫీసుకు ఒక్క ముక్క రాశాడు: 'ఒక సేఫ్టీ అర్జెంటుగా కావాలి.' ఆ ఆటలో సేఫ్టీ అంటే అందరికంటే వెనక నిలబడి, మిగతావాళ్లను తప్పించుకుని వచ్చినవాణ్ని ఆపే ఆటగాడు. ఈ సంగతి కోచ్‌కు తెలుసు. ఆఫీసులో సిబ్బంది వ్యవహారాలు చూసే హైదరాబాదు మెహక్ మేడమ్‌కు తెలియదు. ఆమె కంప్యూటర్‌లో 'సేఫ్టీ' అని కొట్టింది. అల్లాబకాష్ వచ్చాడు.

"మేడమ్, నేను ఆటగాన్ని కాదు. సేఫ్టీ ఆఫీసర్ని," అన్నాడు అల్లాబకాష్.

"వాళ్లు అడిగింది సేఫ్టీనే కదా అల్లాబకాష్ గారూ. మీ ఇఖామాలో ప్రొఫెషన్ ఏముంది? సేఫ్టీ. సిస్టమ్‌లో పర్ఫెక్ట్ మ్యాచ్ చూపిస్తోంది."

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, దాని మీద రాసిన వృత్తిని కాదనడానికి అక్కడ ఎవరికీ గుండె చాలదు. పసుపు హెల్మెటు, మెరుపు కోటు తగిలించుకుని, బొజ్జతో సహా అతను మైదానానికి వెళ్లాడు. కోచ్ అతణ్ని చూసి, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని కాసేపు గేటు వైపే చూశాడు.

అల్లాబకాష్ పని ఎగ్గొట్టే రకం కాదు. తనకు తెలిసిన పని శ్రద్ధగా చేశాడు. రెండు ఆటలు గమనించి, మైదానంలో నలభై ఒక్క ప్రమాదాలు ఉన్నాయని పట్టిక రాసి భద్రతా కమిటీకి పంపాడు. అందులో మొదటిది: 'వేగంగా వచ్చుచున్న మనిషికి మరొక మనిషి అడ్డుపోవుట.' కమిటీ అదిరిపడింది. యార్డులో అమలయ్యే పద్ధతే మైదానంలోనూ అమలు చేయాలని తీర్మానించి, ప్రతి ఆటగాడికీ ఒక పని ఆపు కార్డు ఇచ్చింది. ప్రమాదం కనబడితే ఎవరైనా సరే కార్డు పైకెత్తవచ్చు. ఎత్తితే పని ఆగాలి.

మూడో ఆట నుంచి ఆగింది. అవతలివాడు బంతితో దూసుకొచ్చేసరికి పదకొండు మందీ నిలువుగా నిలబడి కార్డులు ఎత్తేవారు. అవతలివాడికి కంపెనీ నియమాలు వర్తించవు కనుక వాడు మధ్యలోంచి తాపీగా నడిచిపోయేవాడు. కోచ్ ఒకసారి కడుపు మండి టోపీ నేలకేసి కొట్టాడు. (దాన్ని 'ఎత్తు నుంచి వస్తువు జారిపడుట' కింద నమోదు చేశారు.) ఛీ, సిగ్గులేకపోతే సరి, ఒక ఆటలో యాభై ఆరు పాయింట్ల తేడాతో ఓడి, ఎవరికీ గీత కూడా పడలేదని కమిటీ కేకు కోసుకుంది.

తొమ్మిదో ఓటమి నాటి మధ్యాహ్నం ఇంటి నుంచి భార్య సబీనా ఫోన్ చేసింది.

"ఫోన్ కిందపడి అద్దం పగిలింది," అంది. "పాప ఏడ్చి ఏడ్చి చస్తాంది. అబ్బాకు దెబ్బ తగిలిందంట. పసుపు పెట్టమని నాతో కొట్లాడతాంది."

"నాకేం కాలేదని చెప్పకపోతివా?"

"చెప్పినా. ఫోన్ని ఎత్తుకొని ఊపుతాంది. దానికి అబ్బా అంటే ఫోనే. మనిషని అనుకోలేదు."

అల్లాబకాష్ అదే రోజు సెలవు పెట్టాడు. కంపెనీ యాప్‌లో ఎగ్జిట్ రీఎంట్రీ అనే బటన్ ఉంటుంది. అది పచ్చగా ఉంటే మనిషి ఇంటికి పోయి రావచ్చు. అతనిది బూడిద రంగులో ఉంది.

"మీరు ఫుట్‌బాల్ ప్రాజెక్టులో ఉన్నారు కదా," అని వివరించింది మెహక్ మేడమ్. "ప్రాజెక్టు క్లోజ్ అయితేనే బటన్ యాక్టివేట్ అవుతుంది."

"వారంలో సీజన్ అయిపోతాంది గదా మేడమ్."

"సీజన్ అయిపోతే కాదు. క్లోజింగ్ ఫారంలో 'విజయం సాధించిన తేదీ' అని ఒక గడి ఉంది, అది కంపల్సరీ. డేట్ వేయకపోతే సబ్మిట్ కాదు. ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు, డేట్ వేసేద్దాం."

అల్లాబకాష్ కమిటీ దగ్గరికి పరుగెత్తి, కార్డులు వెనక్కి తీసుకోమని బతిమాలాడు. అమల్లో ఉన్న జాగ్రత్తను తీసేయాలంటే, దాని వల్ల ప్రమాదం జరిగినట్టు రుజువు కావాలన్నారు. కార్డుల వల్ల ప్రమాదాలు జరగడం లేదు. కాబట్టి తీసేయడానికి వీల్లేదు. నెత్తి కొట్టుకుంటూ వచ్చాడు.

పదో ఆట రియాద్ రాకెట్స్ మీద, సొంత మైదానంలో. ఆ రోజు దుమ్ముగాలి రేగింది. రాకెట్స్ వాళ్లు ఎలాగూ గెలిచే ఆటేనని తమ అసలు ఆటగాళ్లను పంపలేదు. వచ్చినవాళ్లు కళ్లలో దుమ్ము పడి బంతిని చేజార్చుకుంటూనే ఉన్నారు. ఎలాగో ఏడు పాయింట్లు చేశారు. మన వైపు ఫారూఖ్ అనే పాకిస్తానీ బంతిని రెండుసార్లు కర్రల మధ్యకు తన్ని ఆరు చేశాడు. (దూరం నుంచి తన్నడానికి కమిటీ అనుమతి ఉంది, మనిషికి మనిషి తగలడు.) చివరి నిమిషంలో రాకెట్స్ కుర్రవాడొకడు బంతితో తమ గీతకు వెనక, తమ గడిలోనే కాలు మడతపడి బోర్లా పడ్డాడు. మనవాళ్లు పదిమందీ కార్డులు ఎత్తారు.

అల్లాబకాష్ ఎత్తలేదు. పడ్డ మనిషిని చూశాక అతనికి ఆట గుర్తులేదు. మైదానం ఆ కొసనుంచి ఈ కొసకు రొప్పుతూ పరుగెత్తుకొచ్చి, కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి, "కదలొద్దు నాయనా, ఎక్కడ నొప్పి?" అన్నాడు.

రిఫరీ రెండు చేతులూ నెత్తిమీద జోడించి ఈల ఊదాడు. ఆ ఆటలో, బంతి ఉన్నవాడు తన గడిలో పడి ఉండగా అవతలివాడు తాకితే తాకినవాళ్లకు రెండు పాయింట్లు. దాని పేరు కూడా సేఫ్టీయే.

మైదానానికి సున్నపు గీతలు గీసే జగిత్యాల భూమేష్ ముందుగా పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, నువ్వు గాన్ని ముట్టినవ్. ఎనిమిది, ఏడు. గెలిచినం," అన్నాడు.

సాయంత్రానికి బటన్ పచ్చబడింది. అల్లాబకాష్ ఫోన్ చేసి, "వస్తాండా. పాపకు చెప్పు, ఈసారి మనిషే వస్తాడని," అన్నాడు. సబీనా ఏడుస్తోందని అతనికి తెలిసింది.

మర్నాడు ఉదయం కమిటీ కూర్చుంది. పడ్డ కుర్రవాడికి చీలమండ బెణికింది, రెండు రోజులు పనికి రాలేడట. కంపెనీ స్థలంలో, కంపెనీ మనిషి తాకిన వేళ జరిగిన గాయం. అంటే సమయ నష్టం. అంటే బోర్డు మీది అంకె సున్నా కావాలి. వెయ్యో రోజున కంపెనీ పెద్దాయన చేతుల మీదుగా తీసుకోవలసిన అవార్డు పోవాలి. కమిటీ చాలాసేపు ఆలోచించి, పరిశుభ్రమైన దారి ఒకటి కనిపెట్టింది: అల్లాబకాష్ తాకలేదు. కుర్రవాడు దుమ్ముకు పడ్డాడు, దుమ్ము కంపెనీది కాదు. తాకలేదు కనుక ఆ రెండు పాయింట్లు కూడా మావి కావు, దయచేసి వెనక్కి తీసుకోండి అని పోటీలు నడిపే లీగుకు రాశారు. ఇలాంటి విన్నపం ఎన్నడూ ఎరగని లీగు వెంటనే తీసుకుంది.

మెహక్ మేడమ్ కాగితం ముందు పెట్టింది. "తాకలేదని ఇక్కడ సైన్ చేయండి."

"తాకినా కదా మేడమ్. పడినోన్ని తాకకుండా ఎట్ల పోతా?"

"సైన్ చేయకపోతే మీ మీద ఎంక్వైరీ ఓపెన్ అవుతుంది. ఎంక్వైరీలో ఉన్నవాళ్లకి ఎగ్జిట్ ఉండదు."

"చేస్తే?"

"చేస్తే విన్ ఉండదు కదా, డేట్ పోతుంది. బటన్ మళ్లీ గ్రే అవుతుంది." ఆమె పెన్ను మూత తీసి ఇచ్చింది. "రెండిట్లో ఏది కంఫర్టబుల్‌గా ఉంటే అది చేయండి. ఫోర్స్ ఏమీ లేదు."

సంతకం పెట్టాడు. ఒప్పందం గడువు తీరిందని ఆ వారమే ఆటగాళ్లు విమానాలెక్కారు. కోచ్ డెన్నిస్ కూడా వెళ్లిపోయాడు. విజయం తేదీ లేదు కాబట్టి యాప్‌లో సీజన్ ఇంకా నడుస్తూనే ఉంది, జట్టులో ఒకడే మిగిలాడు.

పొద్దున్నే గేటు దగ్గర అల్లాబకాష్ నిచ్చెన ఎక్కి నాలుగు తీసి అయిదు తగిలించాడు. కింద నిచ్చెన పట్టుకున్న భూమేష్‌కు అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు.

"ఏం రాసున్నదన్నా గీడ, రోజూ మారుస్తున్నవ్?"

"సమయ నష్టం లేని రోజులు, తొమ్మిది వందల డెబ్బై అయిదు."

"ఎవలి సమయమన్నా?"

అల్లాబకాష్ బోర్డును పైనుంచి కిందికి ఇంకోసారి చదివాడు. "ఆ గడి పెట్టలేదు," అన్నాడు.