కమిటీ వస్తేనే కాన్పు

ఈ దేశానికి ఇప్పుడు కావలసింది డాక్టర్లు కాదు, మందులు కాదు, మంచినీళ్ళు అంతకంటే కాదు. కమిటీలు! నవ్వకండి. నేను చాలా గంభీరంగా చెబుతున్నాను.

పార్లమెంటు కమిటీలంటే కొందరికి చిన్నచూపు. విమానంలో దిగుతారు, ఏసీ గదిలో కూచుంటారు, జీడిపప్పు తింటారు, శాలువాలు కప్పించుకుని వెళ్ళిపోతారు అని గొణుగుతుంటారు. వెళ్ళిపోక మనింట్లో అద్దెకుంటారా? ఖాళీ కడుపుతో ప్రభుత్వాన్ని పర్యవేక్షించడం ఎవరి తరం? రెండు జీడిపప్పులు నోట్లో వేసుకుంటేనే కదా, ప్రజల ఆకలి గురించి నిదానంగా ఆలోచించగలిగేది!

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్కలో చెబుతాను. మంత్రిగారు సభలో లేచి, "ప్రతి పల్లె ఆసుపత్రిలోనూ డాక్టరు ఉంటాడు" అని మాటిస్తారు. మాట ఇవ్వడంతో ఆయన పని అయిపోతుంది. ఆ మాట నిలబడిందో లేదో చూసి రావడానికి కొందరు సభ్యులు కమిటీగా బయలుదేరతారు. ఆడపిల్లను అత్తారింటికి పంపి, ఎలా చూసుకుంటున్నారో చూసి రమ్మని మేనమామను పంపినట్టన్నమాట. మేనమామ వెళ్ళిన పూట ఏ అత్తగారైనా కోడలి విస్తట్లో నెయ్యి వెయ్యకుండా ఉంటుందా? కనీసం ఆ పూటైనా పిల్ల నెయ్యి తిన్నదా లేదా? నేను కమిటీలను సమర్థించేది అందుకే.

నా పేరు జోగారావు. తూర్పుగోదావరి నుంచి ఉద్యోగం కోసం ఈ నగరానికి వచ్చి, రిటైరై, అత్తాపూర్లో స్థిరపడ్డవాణ్ణి. విమానాశ్రయం వచ్చిన కొత్తలో అందరూ కొంటున్నారని నేనూ శంషాబాద్ అవతల ఎర్రబండపల్లిలో ఒక ప్లాటు కొన్నాను. "ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు" అని బ్రోచర్లో వేశారు. నిజమే, విమానానికి! నేను మాత్రం ప్రతి ఆదివారం స్కూటరు మీద వెళతాను. స్తంభాల మీద కట్టిన ఎక్స్‌ప్రెస్‌వే మీదికి స్కూటర్లను ఎక్కనివ్వరు కనక దాని నీడలోనే ఆరాంఘర్ దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి లారీల మధ్య దారి చేసుకుంటూ పోతాను. ప్లాటు ఇంకా నాదేనా, హద్దురాళ్ళు ఎవరైనా జరిపారా అని చూసుకుని వస్తాను. మా ఆవిడ చాముండేశ్వరి దీన్ని వారాంతపు తీర్థయాత్ర అంటుంది.

నా ప్లాటు పక్కన సత్తెమ్మ టమాట తోట. నా హద్దురాళ్ళకు కాపలా కూడా ఆమే. చిన్నకొడుకు పాండు ఎయిర్‌పోర్టు రోడ్డులో ఆటో నడుపుతాడు. ఈ కథ మొదలయ్యేనాటికి అతని భార్య సునీతకు ఏడో నెల.

ఆ ఊళ్ళో ఆసుపత్రి లేదనుకునేరు! బ్రహ్మాండంగా ఉంది. గులాబీరంగు గోడలు, శిలాఫలకం, మెట్ల పక్కన చక్రాల బండి ఎక్కడానికి వాలుబాట. తలుపుకు తాళం కూడా మంచి కంపెనీది. డాక్టరుగారి పేరు బోర్డు మీద ఉంది. ఆయన మాత్రం నగరంలో ఉంటారు. బోర్డు ఊళ్ళో ఉండగా మళ్ళీ మనిషి కూడా ఎందుకు, దుబారా!

ఈ దుబారా అరికట్టడం వల్ల సత్తెమ్మకు ఒక నష్టం జరిగింది. పోయినేడు పెద్దకోడలికి నొప్పులొస్తే ఆటోలో నగరానికి బయలుదేరారు. ఆరాంఘర్ ట్రాఫిక్‌లోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. సత్తెమ్మ ఆ సంగతి నాకు చెప్పిన రోజు టమాటలు కొయ్యడం ఆపి గట్టు మీద కూచుండిపోయింది.

అలాంటి ఊరికి పార్లమెంటు కమిటీ వస్తోందని కబురు వచ్చింది. ఇక చూడండి వైభవం! బెంగుళూరు హైవే మలుపు నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా రోడ్డుకు రెండు వైపులా తెల్లగా సున్నం గీతలు. ఎండిపోయిందన్న బోరులోంచి నీళ్ళు! వీధిదీపాలు పట్టపగలు వెలిగాయి, ఎందుకైనా మంచిదని. రోడ్డు పక్కన మొక్కలు నాటారు. ఒకదాన్ని మేక లాగితే వేరు లేకుండా వచ్చేసింది. కొత్తూరులో ఎవరిదో నర్సింగ్‌హోమ్ నుంచి లారీలో ఇనుప మంచాలు దిగాయి. డాక్టరుగారు ఇస్త్రీ కోటుతో వచ్చి, తన ఆసుపత్రిలో బాత్రూం ఎటువైపో స్వీపర్నడిగి తెలుసుకున్నారు.

ఆయన్ని తప్పుపట్టకండి. మనిషి సమర్థుడే. కమిటీ రావడం ఆలస్యమైతే ఊరికే కూచోవడమెందుకని వచ్చినవాళ్ళను చూశాడు. సునీతను కూడా చూశాడు. "రక్తపోటు ఎక్కువగా ఉంది. కాన్పు డాక్టరు చేతి మీదే జరగాలి. నొప్పులు మొదలయ్యాక దూరం తిప్పొద్దు" అన్నాడు. మంచి సలహా. డాక్టరు ఎక్కడుంటాడో ఒక్కటే చెప్పలేదు.

కమిటీ వచ్చింది. డోలు మోగింది. దండలు పడ్డాయి. పెద్దసభ్యుడు ఉత్తరాదివాడు. ముందువరసలో కూచున్న సత్తెమ్మను చూసి, "డాక్టరు వస్తున్నాడా తల్లీ?" అని హిందీలో అడిగాడు. పక్కనున్న అధికారి తెలుగు చేశాడు.

సత్తెమ్మ డాక్టరు వైపు చూసింది. పాపం, ఆయన మొహం మీద చెమట. "అగో, కూసున్నడు గద సారూ. చెయ్యి మంచిది. దేవునసొంటి మనిషి" అంది.

అంతే! చప్పట్లు. కమిటీ రాసుకుంది. భోజనాలకు లేచింది.

ఆ తర్వాతి ఆదివారం నేను తోట గట్టు మీద సత్తెమ్మను నిలదీశాను. "ఏమ్మా, అంత మంచి అవకాశం వస్తే నిజం చెప్పొద్దూ?"

ఆమె నన్నే వింతగా చూసింది. "గట్లెట్ల జెప్త సారూ? అంత దూరంకెల్లి సుట్టాలొచ్చిండ్రు. ఆళ్ళ ముంగట మన డాక్టరు ఇజ్జత్ తీస్తమా? ఏదన్న పంచాది ఉంటే సుట్టాలు పోయినంక మనం మనం తెంపుకోవాలె గానీ."

ఎంత సంస్కారం! ఇంటికొచ్చినవాళ్ళ ముందు ఇంటి గుట్టు విప్పకూడదని ఎర్రబండపల్లికి తెలుసు. ఆ గుట్టు వినడానికే వాళ్ళు వచ్చారని మాత్రం ఎవరూ చెప్పలేదు. చుట్టాలు వెళ్ళారు. వాళ్ళు వెళ్ళిన సాయంత్రమే మంచాలు లారీ ఎక్కాయి. డాక్టరుగారు కారెక్కారు. తాళం తన ఉద్యోగంలో తిరిగి చేరింది.

కొన్ని వారాలకు సత్తెమ్మ, "సుట్టాలు పోయిండ్రు, ఇగ మనం మనం మాట్లాడుకుందం" అని మండలం ఆఫీసుకు బయలుదేరింది. తోడుగా నన్ను రమ్మంది. అక్కడి ఆఫీసరుగారు మమ్మల్ని కూచోబెట్టి చల్లగా చెప్పారు. "మీ ఊళ్ళో డాక్టరు రోజూ ఉంటున్నాడని, ప్రజలు పూర్తిగా సంతృప్తి చెందారని కమిటీ తేల్చింది. ఇచ్చిన మాట నెరవేరినట్టు ఢిల్లీలో నమోదైపోయింది. ఇప్పుడు మీరొచ్చి లేడంటే ఎలాగండీ? పార్లమెంటు కంటే మీకెక్కువ తెలుసా?"

"నిన్న గూడ తాళమే ఉండె సారూ" అంది సత్తెమ్మ.

"తాళం ఉంటే ఉండొచ్చు. కానీ డాక్టరు ఉన్నాడు" అన్నారు ఆఫీసరుగారు.

వాదన చూశారా, ఎంత పకడ్బందీగా ఉందో! పరిశీలించకముందు డాక్టరు లేకపోవడం ఒక సమస్య. పరిశీలించాక ఆయన లేకపోయినా సమస్య లేదు. ఇంత సులువుగా, ఇంత తక్కువ ఖర్చుతో ప్రజల ఇబ్బందులు తీర్చే పద్ధతి ఇంకే దేశంలోనైనా ఉందా? నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపించింది. సత్తెమ్మ మొహం చూసి ఊరుకున్నాను.

తిరిగి పాండు ఆటోలోనే బయలుదేరాం. సత్తెమ్మ కాటేదాన్ వైపు నుంచి వచ్చే లారీలను చూస్తూ కూచుంది. తర్వాత పాండుతో అంది. "మన సునీత కోసం డాక్టరు రాడు బిడ్డా. కమిటీ కోసం వస్తడు. ఇగ కమిటీనే పిలవాలె."

"ఢిల్లీ ఫోన్ నంబరు నా తాన ఏడుందే అవ్వా?" అన్నాడు పాండు.

"ఫోనెందుకురా? సున్నం లేదా?"

పాఠకులారా, ఇక్కడ నేనొక మాట స్పష్టం చెయ్యాలి. ఆ కుటుంబం ఎవరికీ ఒక్క అబద్ధం చెప్పలేదు. సునీతకు నొప్పులు మొదలైన ఆదివారం పొద్దున నేను ప్లాటు దగ్గరే ఉన్నాను. పాండు బస్తా సున్నం తెచ్చి హైవే మలుపు నుంచి ఆసుపత్రి దాకా రెండు గీతలు గీశాడు. స్నేహితుడి టెంట్‌హౌస్ నుంచి ఒక షామియానా, కొన్ని కుర్చీలు తెచ్చి వేశాడు. సత్తెమ్మ పళ్ళెంలో బంతిపూల దండలు పెట్టి గుమ్మం ముందు నిలబడింది. అంతే. సొంత ఖర్చుతో సున్నం పోసుకోవడం ఏ చట్టం కింద నేరం?

ముందు పంచాయతీ కార్యదర్శి బండి మీద వెళుతూ గీతలు చూశాడు. బండి ఆపాడు. మొహం పాలిపోయింది. "ఎవరొస్తున్నరు?" అని కూడా అడగలేదు. తనకు చెప్పలేదంటే తన ఉద్యోగం పోయినట్టేనని ఎవరికో ఫోన్ చేశాడు. ఆ ఎవరో మరెవరికో చేశారు. ప్రభుత్వం మందకొడిగా పనిచేస్తుందన్నవాడి నోట్లో ఆ బస్తాలో మిగిలిన సున్నం కొట్టాలి!

ఇంట్లో పప్పు ఉడికేలోగా జీపులు దిగాయి. నర్సు వచ్చి తాళం తీసింది. మందుల పెట్టెలు వచ్చాయి. ఎవరూ పిలవకుండానే కొత్తూరు నుంచి మంచాల లారీ తనంతట తాను వచ్చేసింది! ఆఫీసరుగారు పూలగుత్తితో వచ్చారు. చివరికి డాక్టరుగారు, చొక్కా గుండీ ఒకటి ఎగుడుదిగుడుగా పెట్టుకుని, ఆదివారం టిఫిను మధ్యలో లేచి వచ్చారు. కారు దిగగానే సత్తెమ్మ ఆయన మెళ్ళో దండ వేసి, చెయ్యి పట్టుకుని, నేరుగా లోపల సునీత దగ్గరికి తీసుకుపోయింది.

లోపల కాన్పు కష్టంగానే జరిగింది. ఒక దశలో నర్సు పరుగెత్తుకొచ్చి ఇంకో సెలైన్ సీసా పట్టుకుపోయింది. పాండు సున్నం చేతులతో గోడకానుకుని నిలబడ్డాడు. నేను దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. బయట షామియానా కింద అధికారులు మాత్రం పూలగుత్తులు పట్టుకుని హైవే వైపే చూస్తున్నారు.

పాప ఏడుపు వినబడింది. నా కళ్ళు తడిశాయి, చెప్పడానికి సిగ్గుపడను. తల్లీ బిడ్డా క్షేమమని డాక్టరుగారు బయటికొచ్చి చెప్పారు. ఆయన మొహం కూడా వెలిగిపోతోంది. నిజానికి ఆయన తన పని తాను చెయ్యడం నచ్చినవాడిలా కనిపించాడు. ఆ అవకాశమే ఆయనకు తరచుగా దొరకడం లేదు.

అప్పుడు ఆఫీసరుగారు వాచీ చూసుకుని అడిగారు. "కమిటీ ఎందాకా వచ్చింది?"

"వచ్చేసింది సార్. ఆడపిల్ల!" అన్నాడు పాండు.

ప్రభుత్వానికి చలనం లేదనే పాఠకులు ఇప్పుడైనా లెంపలేసుకోవాలి. ఆ వారమే సత్తెమ్మకు నోటీసు వచ్చింది. "ఉన్నతస్థాయి పర్యటన జరుగుతున్నట్లు భ్రమ కలిగించుట" ఆమె నేరం. పెద్దకోడలి బిడ్డ పోయినప్పుడు ఎవరూ రాలేదు. సున్నం గీతల మీద విచారణకు మాత్రం జిల్లా నుంచి ప్రత్యేకాధికారి వచ్చారు. నియంత్రణ అంటే అలా ఉండాలి!

ఆ విచారణ ఎంత శుభప్రదమో ఎవరూ ఊహించలేదు. నేరం జరిగిన స్థలం ఆసుపత్రి కనక విచారణ అక్కడే. కాబట్టి తాళం తీశారు. డాక్టరుగారు ముఖ్యసాక్షి కనక రోజూ హాజరు కావాలి. నర్సు రెండో సాక్షి. ఇనుప మంచాలు సాక్ష్యాధారాలట, కేసు తేలేదాకా కదపడానికి వీల్లేదు! సాక్ష్యానికీ సాక్ష్యానికీ మధ్య ఖాళీ ఉంటుంది కదా. ఆ ఖాళీలో డాక్టరుగారు చెన్నయ్య ఆయాసం చూశారు. బిక్షం కాలి పుండు కట్టారు. నేను అత్తాపూర్ నుంచి వచ్చి బీపీ చూపించుకున్నాను. పక్క ఊళ్ళ నుంచి కూడా జనం "విచారణకు" వస్తున్నారు. వరండా చాలక షామియానా మళ్ళీ వేశారు, ఈసారి ప్రభుత్వ ఖర్చుతో.

మొన్న ఆదివారం కూడా విచారణ పెట్టారు కనక నేనూ వెళ్ళి బల్ల చివర కూచున్నాను. ప్రత్యేకాధికారి మంచివాడు. మనవరాల్ని ఒళ్ళో వేసుకుని కూచున్న సత్తెమ్మను చూసి మనసు కరిగింది. "పెద్దావిడ, తెలియక చేసింది. క్షమించి ఇవ్వాళ్టితో కేసు మూసేస్తున్నాను. ఇక అందరూ ఇళ్ళకు వెళ్ళొచ్చు" అన్నాడు.

డాక్టరుగారు బ్యాగు సర్దుకోబోయారు. మంచాల లారీవాడు వరండా మెట్లెక్కాడు.

సత్తెమ్మ చటుక్కున లేచింది. బిడ్డను సునీతకిచ్చి రెండు చేతులూ జోడించింది. "మీ కాల్మొక్త సారూ, మూయకుండ్రి. తెల్వక గాదు, తెలిసే జేసిన. తప్పు నాదేనని రాసుకోండ్రి. జైల్ల ఎయ్యండ్రి, పోత. గానీ పిల్లకు టీకా సూదులన్ని పడేదాక ఈ విచారణ మాత్రం బందు పెట్టకుండ్రి."