సోమవారమే అయిపోయిన వారం

సోమవారం పొద్దున కాఫీ తాగుతూ చిన్న టీచరు ఒక నిర్ణయానికి వచ్చింది. ఈ వారం ఎలా గడిచిందో ఇప్పుడే రాసేస్తే ఒక పనైపోతుంది.

ఆమె పాఠాలు చెప్పడం ఇంకా నేర్చుకుంటున్న పిల్ల. ఆరు వారాలు బళ్ళో పాఠాలు చెప్పాలి. తరగతిలో ఏం జరిగిందో, దానివల్ల తనేం నేర్చుకుందో వారం వారం ఒక నోటుపుస్తకంలో రాయాలి. శుక్రవారం శిక్షణ కాలేజీ నుంచి పర్యవేక్షకుడు వచ్చి చదివి సంతకం పెడతాడు. అయిదు వారాలూ ఆమె నిజాయితీగానే రాసింది. "గుణకారం చెప్పాను. చాలామంది విన్నారు. కొందరు వినలేదు. మధ్యాహ్నం వాన పడింది." అయిదుసార్లూ ఆయన ఎర్రసిరాతో "అనుభూతి లేదు" అని రాశాడు. అయిదోసారి నోటితో కూడా చెప్పాడు. "ఆఖరి వారం కూడా ఇలాగే ఉంటే సంతకం పెట్టనమ్మా. మళ్ళీ ఏడాది మొదట్నుంచి రావాల్సిందే."

ఏడాది అనే మాటకు చిన్న టీచరు బెదిరిపోయింది. అందుకే వాళ్ళ నాన్నను ఆశ్రయించింది. ఆయన ముప్పయ్యేళ్ళు పత్రికాఫీసులో ఇతరుల రాతలు దిద్ది రిటైరైన మనిషి. సొంతంగా నాలుగు వాక్యాలు రాసే అవకాశం కోసం అప్పటినుంచీ కాచుకు కూర్చున్నాడు.

"భిన్నాలు ఎప్పుడు చెప్తున్నావు?"

"రేపు."

"రాసుకో. 'భిన్నాలు అర్థమైన ఆనందంలో పిల్లల కళ్ళు చెమర్చాయి.'"

"భిన్నాలకి ఎవరేడుస్తారు నాన్నా?"

"చిన్నప్పుడు నేనేడ్చాను."

"అది అర్థంకాక."

"కారణం ఎవడడుగుతాడే? రాయి."

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. "ఇంకా జరగంది రాయడమేంటండీ?"

"రేపటి వాన సంగతి పేపర్లో ఇవాళే రాయట్లేదూ?" అని ఆయన ఊపందుకుని మిగతా రోజులూ చెప్పేశాడు. "బుధవారం, బద్ధశత్రువులైన ఇద్దరు విద్యార్థులు పాఠం మధ్యలో లేచి కౌగిలించుకున్నారు. గురువారం, ఇంటిగంట కొట్టినా ఎవరూ కదలక, ఇంకా చెప్పమని పట్టుబట్టారు. శుక్రవారం, ఒక తల్లి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని మాట రాక నిలబడిపోయింది." చివరి వాక్యం చెప్పేటప్పటికి ఆయనే కండువాతో కళ్ళొత్తుకున్నాడు.

చిన్న టీచరు హాయిగా బడికి వెళ్ళింది. పుస్తకాన్ని బల్లమీద పెట్టి, చేతికంటిన సుద్ద కడుక్కోవడానికి బయటికి నడిచింది. తిరిగొచ్చి చూస్తే పుస్తకం లేదు. మతిమరుపు తనకు కొత్తకాదు కనుక, ఇంట్లోనే వదిలేసి ఉంటాననుకుంది.

ఆ తరగతికొక పద్ధతి ఉంది. ఆ క్లాసు అసలు టీచరు ప్రతి సోమవారం ఆ వారం పనులన్నీ ఒక పుస్తకంలో రాసి బల్లమీద పెడుతుంది. మంగళవారం బల్లలు తుడవాలి, బుధవారం కుండీలకు నీళ్ళు పొయ్యాలి, అలాగన్నమాట. క్లాసు లీడరు ఆ పుస్తకం తీసుకుని, ఏ రోజు పని ఆ రోజు చేయించి, పక్కన టిక్కు పెట్టాలి. ఒక్క టిక్కు తప్పినా అందరికీ ఆటల పీరియడు బంద్. ఈ వారం పెద్ద టీచరు పన్ను పీకించుకుని సెలవులో ఉంది. అయినా బల్లమీద పుస్తకం కనబడింది. లీడరు పిల్ల దాన్ని తీసుకెళ్ళి చదివింది. కళ్ళజోడు పెట్టుకుని ప్రతిదానికీ తీర్పు చెబుతుందని ఆ పదేళ్ళ పిల్లను అందరూ జడ్జిగారంటారు.

మధ్యాహ్నం జడ్జిగారు ముప్పై ఆరుమందినీ చెట్టుకింద కూర్చోబెట్టింది.

"రేపు లెక్కల పీరియడులో ఏడవాలి."

"ఎవరు?"

"పిల్లలు అని ఉంది. అంటే అందరూ."

"అన్నీ అయిపోయినట్టు రాసిందేంటి?" అన్నాడొకడు అనుమానంగా.

"పెద్ద టీచరుకి మనమీద నమ్మకం లేదు, చెయ్యాలి అని రాస్తుంది. చిన్న టీచరుకి నమ్మకముంది. చేసేశాం అని రాసింది." ఆ మాటకు పిల్లల ఛాతీలు పొంగాయి. ఏడుపు రానివాళ్ళు ఇంటినుంచి ఉల్లిపాయలు తెచ్చుకోవాలని తీర్మానమైంది. తరగతిలో బద్ధశత్రువులు లేరు కాబట్టి, ఒకే బల్లమీద కూర్చునే ప్రాణస్నేహితులిద్దర్ని ఎంపికచేసి, బుధవారంలోగా శత్రువులు కమ్మని గడువిచ్చారు.

మంగళవారం చిన్న టీచరు కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి నాలుగు ముక్కలు చేసిందో లేదో, గది గదంతా బావురుమంది. ఏడవద్దని బతిమాలుతుంటే ఆమె కళ్ళు కూడా మండి నీళ్ళు కారాయి. అటుగా వెళుతున్న హెడ్మాస్టరు ఆగి కిటికీలోంచి చూశాడు.

"ఏం చెప్తున్నారమ్మా?"

"భిన్నాలు సార్."

"కాస్త నెమ్మదిగా చెప్పండి."

బుధవారం మొక్కల పాఠం సగంలో ఇద్దరు లేచారు. ఒకడికి పెదవి వాచింది, రెండోవాడికి చొక్కా గుండీలు లేవు. ఇద్దరూ ఒకర్నొకరు గట్టిగా వాటేసుకున్నారు. ఎంతసేపని పుస్తకంలో లేదు గనక గంట కొట్టేదాకా వదల్లేదు. అప్పటికి చిన్న టీచరుకు ఎక్కడో చదివినట్టుందే అనిపించింది. పరుగున ఇంటికి వెళ్ళింది. పుస్తకం అక్కడా లేదు.

"నాన్నా, మనం రాసిందల్లా జరుగుతోంది!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నా చేతిలో ఇంత ఉందని తెలీక, ముప్పయ్యేళ్ళు నాచేత ప్రూఫులు దిద్దించారు చూడు!"

గురువారం ఇంటిగంట మోగింది. ఒక్కరూ లేవలేదు.

"ఇంకా చెప్పండి టీచర్!"

"మీకు పుణ్యముంటుంది, ఇళ్ళకి వెళ్ళండర్రా!"

"చెప్పాల్సిందే!"

ఆమె మొక్కల గురించి మళ్ళీ చెప్పింది. ఎక్కాలు చెప్పించింది. తోచక వాళ్ళ చిన్నాన్న నిచ్చెన మీంచి పడ్డ కథ కూడా చెప్పింది. వ్యాను డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి లోపలికొచ్చి, చివరి బెంచీమీద కూర్చుని, చిన్నాన్న సంగతి పూర్తయ్యాకగానీ లేవలేదు. పిల్లలు ఇళ్ళకు చేరేసరికి చీకటి పడింది.

ఇక శుక్రవారం. ఉల్లిపాయలు మాయమైన ఇళ్ళవాళ్ళు, గుండీలు కుట్టినవాళ్ళు, వ్యాను కోసం వీధి చివర పడిగాపులు కాసినవాళ్ళు, వెరసి పన్నెండుమంది తల్లులు తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డారు. పెదవి వాచినవాడి తల్లి ముందుకొచ్చి చిన్న టీచరు రెండు చేతులూ పట్టుకుంది. తిట్టడానికే వచ్చిందిగానీ కోపంతో మాట పెగల్లేదు. జడ్జిగారు వెంటనే పుస్తకం తెరిచి టిక్కు పెట్టింది. సరిగ్గా అప్పుడే పర్యవేక్షకుడు లోపలికి అడుగుపెట్టాడు.

"పుస్తకం ఏదమ్మా?"

"ఇదిగోండి సార్" అంటూ జడ్జిగారు అందించింది. "అన్నీ పూర్తిచేశాం. ఒక్కటి కూడా మిగల్లేదు."

ఆయన చదివాడు. టిక్కులు చూశాడు. చిన్న టీచరు కేసి చూశాడు. ఇక దాచి లాభం లేదని ఆమె తలదించుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. "సోమవారమే రాసేశాను సార్. మా నాన్న చెప్తుంటే." ఆయన కలానికి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ మూత చప్పుడు ఆమెకు ఏడాది అన్నట్టే వినిపించింది. అవమానం కంటే ఈ పిల్లల్ని ఇలా వదిలి వెళ్ళాలనే దిగులే ఎక్కువైంది.

వెళ్ళబోతూ ఆయన గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంతా చేసి, భిన్నాలైనా వచ్చాయా మీకు?"

"వచ్చాయి సార్" అంది జడ్జిగారు. "ముందు ఒక ఉల్లిపాయ ఎనిమిదిమందికి అనుకున్నాం. ముప్పై ఆరుమందికి నాలుగున్నర చాలు. కానీ ఎనిమిదో వంతుకి ఏడుపు రాలేదు. నాలుగో వంతు ఉండాలి. అందుకని తొమ్మిది తెచ్చాం."

"మా ఇంట్లోవి రెండు పోయాయి" అంది ఒక తల్లి, నిష్ఠూరంగా.

"అంటే ఎనిమిదిమంది మీ ఇంటి ఉల్లిపాయలతోనే ఏడ్చారాంటీ" అని లెక్కకట్టాడు వాచిన పెదవివాడు. "మొత్తంలో తొమ్మిదింట రెండు వంతులు."

ముందుగా నవ్వింది వాడి తల్లే. తర్వాత గుమ్మం గుమ్మమంతా నవ్వింది. పర్యవేక్షకుడు బెంచీమీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు.

"ఇరవై ఏళ్ళుగా ఇవే కన్నీళ్ళు, ఇవే కౌగిలింతలు చదువుతున్నానమ్మా. ఒక్కళ్ళు కూడా అమలు చెయ్యలేదు. కూర్చో. జరిగింది జరిగినట్టు రాయి, సంతకం పెడతాను."

చిన్న టీచరు అక్కడే కూర్చుని రాసింది. ఒక పేజీకి ఆపసోపాలు పడే మనిషి ఆరు పేజీలు నింపింది. తను ఏం రాస్తే అది చేసిపెట్టాలని ముప్పై ఆరుమంది వారమంతా తంటాలు పడ్డారని రాసేటప్పుడు, ఆమెకు పట్టరానంత సంతోషం వేసి, ఉల్లిపాయ లేకుండానే కళ్ళు తడిశాయి. సంతకం పడింది. పుస్తకం కాలేజీ ప్రిన్సిపాలుకు వెళ్ళింది.

వారం తర్వాత అది తిరిగొచ్చింది, చివరి పేజీలో ప్రిన్సిపాలు అభిప్రాయంతో: "అనుభూతి బాగుంది; ఇకముందు కల్పనలు మాని జరిగింది మాత్రమే రాయవలెను."