గుంత పక్కన బోర్డు

ఒక పెద్ద అడవిలో, మేతకీ వేటకీ వెళ్ళే తల్లులు తమ పసిపిల్లల్ని అప్పజెప్పి పోయే చోటొకటి ఉండేది. దాన్ని చూసుకునేది గున్నమ్మ అనే ఎలుగుబంటి. ఒళ్ళో ఇద్దరు, వీపు మీద ఒకడు, కళ్ళు మాత్రం మిగతావాళ్ళ మీద.

ఆమె గుబులంతా వాకిట్లోని గుంత గురించే. వానలకి మట్టి కుంగిపోయి ఏర్పడింది. ఓ పొద్దున కుందేలు పిల్ల తెల్లి అందులో పడితే కాలు బెణికింది. గున్నమ్మ దాన్ని చంకనేసుకుని తిన్నగా అడవి సంక్షేమ సంఘానికి పరిగెత్తింది.

"అయ్యా, నాలుగు తట్టల మట్టి పోయించండి, చాలు."

సంఘం అధ్యక్షుడు జంబయ్య అనే నక్క. "మట్టా!" అని నొచ్చుకున్నాడు. "పిల్లల భద్రత అంత చులకనా గున్నమ్మా? కమిటీ వేస్తాం."

"పోనీ, నేనే పోసుకుంటానండీ."

"అది సంఘం గుంత! అనుమతి లేకుండా చెయ్యి పెట్టావో, ఉద్యోగం ఊడుతుంది."

కమిటీ కూర్చుంది. తాబేలు తొందరపడొద్దంది. నెమలి ఏం చేసినా అందంగా ఉండాలంది. చివరికి గుంత పక్కన బోర్డు పెట్టాలని తేల్చారు: 'జాగ్రత్త! గుంత ఉన్నది.'

"పసివాళ్ళకి చదువు రాదు కదండీ?" అంది గున్నమ్మ.

"అయితే తప్పు వాళ్ళది, మనది కాదు," అన్నాడు జంబయ్య తృప్తిగా.

బోర్డు వచ్చేదాకా గున్నమ్మ తనే గుంతకి అడ్డంగా కూర్చుని పిల్లల్ని ఆడించింది.

బోర్డు ఆవిష్కరణకి మంత్రి వరాహమూర్తి వచ్చాడు. బాగా బలిసిన అడవిపంది. మెడనిండా దండలు.

"అడ్డం లే! మంత్రిగారికి బోర్డు కనబడొద్దూ?" అని జంబయ్య గున్నమ్మని పక్కకి తోలాడు.

మంత్రి తెర లాగాడు. చప్పట్లు మోగాయి. బోర్డుని కళ్ళారా చూద్దామని ఆయన కాస్త వెనక్కి జరిగాడు.

ధబ్బుమంది. పైకి గిట్టలే కనిపిస్తున్నాయి.

"మళ్ళీ తాతా, మళ్ళీ!" అని పిల్లలు విరగబడి నవ్వారు.

గున్నమ్మకీ నవ్వు తన్నుకొస్తోంది. కానీ చేతులు అలవాటు మానవు కదా! మంత్రిని పైకి లాగి, దుమ్ము దులిపి, మోకాలి మీద ఊదింది. "ఏం కాలేదు నాన్నా, ఏం కాలేదు. ఈ పాడు నేలే కదూ కొట్టింది? దీన్ని కొట్టేద్దాం," అని నేలకి ఒక్కటిచ్చింది.

మంత్రి ముక్కు ఎగబీల్చి, తనూ ఒకటిచ్చాడు.

పొద్దు వాలకముందే గుంత పూడిపోయింది. తట్ట మోసింది జంబయ్యే. ఆ కొత్త మట్టి మీద పిల్లలు పిల్లిమొగ్గలు వేశారు.

అప్పట్నుంచీ ఆ అడవి తల్లులు చెప్పుకునే నీతి ఒక్కటే: పిల్లలు పడే గుంత పూడాలంటే, ముందు అందులో ఓ పెద్దమనిషి పడాలి.